కొత్త ర్యామ్ మీద నెపం వేసే ముందు

సంపాదకుడికి,

అయ్యా,

‘సర్వర్ డౌన్, రేపు రండి’ అన్న కాగితం ఆస్పత్రి బిల్లింగ్ కౌంటర్ అద్దం మీద కనిపిస్తే నెట్ రాలేదేమో అనుకుని వెనక్కి వచ్చేస్తాం. హైదరాబాద్‌లో దానికి ఇంకో కారణం ఉండొచ్చు. స్కూళ్లకు, కాలేజీలకు ఏప్రిల్, మే నెలల్లో సెలవులు. ఆడిటర్ల ఆఫీసులకు మార్చి హడావుడి అప్పుడే తీరుతుంది. ర్యామ్ పెంచుకోవడం, డిస్కులు మార్చడం, రెండో ప్రాసెసర్ వేయించడం లాంటి పనులన్నీ ఆ వెసులుబాటు చూసుకునే పెట్టుకుంటారు. అంటే ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, సాయంత్రం గాలివాన రాగానే కరెంటు పోయే రోజుల్లో, అప్పటిదాకా ఒద్దికగా నడుస్తున్న యంత్రం మూత విప్పుతున్నాం.

పార్టు వేసిన రెండో రోజో మూడో రోజో సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవడం మొదలవుతుంది. పార్టు అమ్మినవారు విండోస్ మళ్లీ వేయమంటారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ర్యామ్ మార్చమంటారు. మార్చి ఇచ్చిన ర్యామ్‌తోనూ పడితే బోర్డు పాతదైపోయిందంటారు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ విడిభాగాల బజారు సీటీసీకి నాలుగుసార్లు తిరిగాక కొత్త సర్వర్ కొటేషన్ చేతికొస్తుంది. ఈ తిరుగుడులో ఎవరూ చెయ్యని పని ఒకటుంది. ఆ యంత్రం తనకేమైందో తనే రాసిపెట్టుకుంటుంది, దాన్ని తెరిచి చదవరు.

కొత్త పార్టు పాడై రావడం లేకపోలేదు. అంతకన్నా ఎక్కువగా జరిగేది వేరు. అంతవరకు అంచు మీద నెట్టుకొస్తున్న ఎస్‌ఎంపీఎస్సో (సర్వర్‌కు కరెంటు అందించే పెట్టె), యూపీఎస్సో, గాలి దారో, పాత బయోసో (బోర్డును లేపే మూల సాఫ్ట్‌వేర్) కొత్త పార్టు బరువుకు బయటపడుతుంది. అందువల్ల ఏది మార్చాలన్న ప్రశ్న ఆఖరున రావాలి.

ముందు బ్యాకప్ సంగతి, ఎందుకంటే దీన్ని దాటేసినవాళ్లకు మిగతా ఉత్తరంతో పని లేదు. చెడ్డ ర్యామ్ సర్వర్‌ను పడగొట్టి ఊరుకోదు, పడేలోపు తప్పు అంకెలను డిస్కులోకి ఎక్కిస్తుంది. రోజూ రాత్రి నడిచే బ్యాకప్ ఆ తప్పులనే నకలు తీస్తుంది, వారం తిరిగేసరికి పాత మంచి కాపీల మీద వాటిని రాసేస్తుంది. కాబట్టి అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన ఆఖరి కాపీని వేరే డిస్కులో వేసి, కేబుల్ పీకి, బీరువాలో పెట్టాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇప్పటి డేటాబేస్ మీద చెక్‌డీబీ అనే తనిఖీ ఒకసారి నడిపి చూసుకోవాలి. అనుమానం తీరేదాకా ఆ యంత్రం మీద అసలు పని నడపకపోవడం ఉత్తమం.

తర్వాత ఒక కాగితం తీసుకుని ఎప్పుడెప్పుడు పడిందో రాయండి. తేదీ, గంట, నిమిషం, అప్పుడు ఏ పని నడుస్తోంది, ఏసీ తిరుగుతోందా, కరెంటు పోయి వచ్చిందా. అయిదారు వరసలు పోగయ్యేసరికి సగం జవాబు అందులోనే కనిపిస్తుంది. స్విచ్ వేసిన నిమిషం రెండు నిమిషాల్లోనే పడితే పార్టు సరిగ్గా కూర్చోలేదనో, రకం సరిపడలేదనో అనుమానించాలి. రాత్రి బ్యాకప్ వేళ, నెలాఖరు రిపోర్టుల వేళ పడితే లోడు పెరిగినప్పుడు కరెంటో చల్లదనమో చాలడం లేదు. ఎవరూ వాడనప్పుడు, అర్ధరాత్రి ఖాళీగా ఉన్నప్పుడు బిగుసుకుపోతే అది వేరే జబ్బు. ఏఎండీ కంపెనీ మొదటి తరం రైజెన్ ప్రాసెసర్లతో కట్టిన చవక సర్వర్లలో ఇది బాగా తెలిసిన విషయమే. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే చోట టిపికల్ కరెంట్ ఐడిల్ అని పెడితే చాలాసార్లు కుదుటపడుతుంది.

సరిగ్గా గంటకోసారి ఆగిపోతోందా? అయితే స్క్రూడ్రైవర్ కింద పెట్టేయండి. డిస్కులు మార్చినప్పుడు ఎవరో విండోస్ సర్వర్ ఇవాల్యుయేషన్ (వాడి చూసేందుకిచ్చే) కాపీ వేసి ఉంటారు. దాని గడువు 180 రోజులు, అది దాటాక గంటకోసారి తనే షట్‌డౌన్ అవుతుంది. విండోస్ చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో లైసెన్స్ గడువు ముగిసిందని స్పష్టంగా రాసే ఉంటుంది. ర్యామ్, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఏది మార్చినా ఇది పోదు.

ఇక యంత్రం రాసుకునే చిట్టాలు. బ్రాండెడ్ సర్వర్లలో ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా పనిచేసే చిన్న కంట్రోలర్ ఒకటి ఉంటుంది. డెల్‌లో దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీలో ఐలో, సూపర్‌మైక్రోలో ఐపీఎంఐ అంటే తెలుస్తుంది. వెనక విడిగా ఉండే నెట్‌వర్క్ పోర్టుకు లాప్‌టాప్ కలిపి బ్రౌజర్‌లో తెరిస్తే సిస్టమ్ ఈవెంట్ లాగ్ వస్తుంది. విండోస్ పడిపోతూ నీలి తెర చూపించినా చూపించకపోయినా ఇందులో నమోదవుతుంది. ఏ స్లాట్‌లోని ర్యామ్ తప్పు చేసింది, ఏ ఎస్‌ఎంపీఎస్‌కు ఇన్‌పుట్ పోయింది, ఏ ఫ్యాన్ ఆగింది, ప్రాసెసర్ వేడి ఎప్పుడు హద్దు దాటింది, అన్నీ టైముతో సహా ఉంటాయి. ఈ కంట్రోలర్ గడియారం తప్పుగా ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. చాలాచోట్ల అది గ్రీన్విచ్ టైములోనే నడుస్తూ మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. అది తెలియక రాత్రి 2 గంటలకు పడ్డ సర్వర్‌కు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఎవరు ఏం చేశారని ఆరా తీస్తుంటారు. మొదటి పనిగా పాత లాగ్‌ను ఫైలుగా దాచి, తర్వాత ఖాళీ చేయండి. ఆపైన వచ్చేదంతా కొత్త సంగతే అవుతుంది. వాచ్‌డాగ్ రీసెట్ అన్న వరస కనిపిస్తే కరెంటు మీద అనుమానం వద్దు. లోపలి సిస్టమ్ బిగుసుకుపోతే కంట్రోలరే దాన్ని రీస్టార్ట్ చేసిందని అర్థం.

విండోస్‌లో అందరి కళ్లూ ఈవెంట్ వ్యూయర్‌లోని కెర్నెల్-పవర్ 41 అనే వరస మీద పడతాయి. ఎర్రగా ఉంటుంది కాబట్టి అదే నేరస్థుడనుకుంటారు. నిజానికి అది పంచనామా లాంటిది. క్రితంసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని తిరిగి లేచాక రాసుకున్న మాట, అంతే. దాని వివరాల్లోకి వెళ్లి బగ్‌చెక్ కోడ్ (నీలి తెర మీది తప్పు నంబరు) చూడాలి. అది సున్నా అయితే విండోస్‌కు నీలి తెర చూపే వ్యవధి కూడా దొరకలేదు. కరెంటు తెగి ఉండొచ్చు, రీసెట్ అయి ఉండొచ్చు, పూర్తిగా బిగుసుకుపోతే ఎవరైనా బటన్ నొక్కి ఆపి ఉండొచ్చు. సున్నా కాకపోతే పడిన క్షణంలో మెమరీ నకలు దాచే మినీడంప్ ఫోల్డర్‌లో ఫైలు ఉందేమో చూడండి. ర్యామ్ పెంచాక అది కనిపించకపోవడానికి ఒక కారణం ఉంది. పేజ్ ఫైల్‌ను (ర్యామ్‌కు తోడుగా డిస్కులో ఉంచే చోటు) ఎప్పుడో 4 జీబీ అని కట్టేసి ఉంటారు, కొత్త ర్యామ్‌కు తగ్గ పెద్ద డంప్ అందులో పట్టదు. సీ డ్రైవ్‌లో చోటు చూసుకుని పేజ్ ఫైల్‌ను సిస్టమ్‌కే వదిలేస్తే సరి. డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో వచ్చే వరసలు హార్డ్‌వేర్ తానుగా ఇచ్చిన ఫిర్యాదులు. పసుపు రంగులో ఉన్నాయని వాటిని కొట్టిపారేయకూడదు. లైనక్స్‌లో అయితే రాస్‌డెమన్ అనే ప్రోగ్రామ్ పెట్టుకుంటే ఈసీసీ ర్యామ్ సరిదిద్దుకున్న తప్పులు కూడా లెక్కకొస్తాయి. ఒకే ర్యామ్ పలక (స్టిక్) మీద ఆ లెక్క రోజురోజుకూ పెరుగుతుంటే అది పడిపోయేదాకా ఆగనవసరం లేదు.

ఇప్పుడు ర్యామ్. స్టిక్ మీది లేబుల్ చదవడం వస్తే సగం తగాదాలు కొట్టు దగ్గరే తీరతాయి. 32 జీబీ 2ఆర్ఎక్స్4 పీసీ4-2933వై-ఆర్ అని ఉందనుకోండి. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు (కలిసి పనిచేసే చిప్‌ల గుంపులు), ఎక్స్4 అంటే ఒక్కో చిప్ వెడల్పు 4 బిట్లు. పీసీ4 అంటే డీడీఆర్4, 2933 వేగం. వై పక్కన గీత తర్వాత వచ్చే అక్షరం అన్నిటికన్నా ముఖ్యం. ఆర్ ఉంటే రిజిస్టర్డ్, ఎల్ ఉంటే లోడ్ రెడ్యూస్డ్ (రెండూ సర్వర్ రకాలే), ఈ ఉంటే ఈసీసీ ఉన్న అన్‌బఫర్డ్, యూ ఉంటే ఈసీసీ లేని మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. ఆర్‌ను ఎల్‌తో, యూతో కలిపితే చాలా బోర్డులు అసలు లేవవు. అదీ మంచిదే, తప్పు వెంటనే తెలుస్తుంది. ఇబ్బందంతా లేచి నడిచే కలయికలతోనే. ఒకటి సింగిల్ ర్యాంక్, ఒకటి డ్యూయల్ ర్యాంక్, ఒకటి 2400, ఒకటి 2666. అన్నీ నెమ్మదైనదాని వేగానికి దిగి నడుస్తాయి, రెండు రోజులు బాగానే ఉంటాయి, లోడు పడ్డప్పుడు తప్పులు మొదలవుతాయి. విప్పిన సర్వర్ల నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ ర్యామ్ చవకగా దొరుకుతుంది, కొనడం తప్పేమీ కాదు. ఒకే పార్ట్ నంబరువి కొనండి, ఒకటి రెండు ఎక్కువే తీసుకోండి.

ఏ స్లాట్లో వేశారన్నది కూడా లెక్కే. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో పాత జియాన్ ఈ5-2600లకు ఒక్కోదానికి 4 చానెళ్లు (ర్యామ్‌కు వెళ్లే దారులు), జియాన్ స్కేలబుల్ మొదటి రెండు తరాలకు 6, మూడో తరంలో ఎక్కువవాటికి 8. ప్రతి చానెల్‌కు మొదటి స్లాట్ నింపాకే రెండోదానికి వెళ్లాలి. చాలా బోర్డుల్లో మొదటి స్లాట్ల క్లిప్పులు తెల్లగా ఉంటాయి. మూత లోపలివైపు అంటించిన బొమ్మలో వరస నంబర్లతో సహా ఉంటుంది. రెండో ప్రాసెసర్ లేకుండా దాని వైపు స్లాట్లలో ర్యామ్ వేస్తే లెక్కలోకే రాదు. ఒక చానెల్‌లో రెండో స్టిక్ పడగానే వేగం తగ్గడం సహజం. బోర్డు తగ్గించిన వేగాన్ని బయోస్‌లోకి వెళ్లి బలవంతంగా పెంచడం అసలు చెయ్యకూడని పని. చిన్న ఆఫీసుల్లో డెస్క్‌టాప్ బోర్డునే సర్వర్‌గా నడుపుతారు కదా, అక్కడ ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అనేవి ఆన్ చేసి ఉంటే మొదట ఆఫ్ చేయండి. అవి ఓవర్‌క్లాకింగే (హామీ ఉన్న వేగాన్ని మించి నడపడం), పేరు మాత్రం వేరు. రైజెన్ 7000 వరసకు ఏఎండీ హామీ ఇచ్చే వేగం రెండు స్టిక్‌లకు 5200, నాలుగు వేస్తే 3600 మాత్రమే. రెండు 6000 స్టిక్‌లు బాగా నడిచాయి కదా అని ఇంకో రెండు అవే తెచ్చి వేస్తే వచ్చే క్రాష్‌కు ర్యామ్‌ను తిట్టి లాభం లేదు.

డీడీఆర్5 బోర్డుల్లో ర్యామ్ మార్చిన తర్వాత మొదటిసారి ఆన్ చేస్తే తెర నల్లగా నిమిషాల కొద్దీ ఉండిపోతుంది. బోర్డు కొత్త ర్యామ్‌కు తగ్గట్టు తన కొలతలు సరిచూసుకుంటూ ఉంటుంది. ర్యామ్ ఎక్కువున్న పెద్ద సర్వర్లూ అంతే. ఓపిక పట్టలేక మధ్యలో పవర్ తీసి మళ్లీ వేస్తే ఆ కొలతలు మళ్లీ మొదటికొస్తాయి. పావుగంట చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా రిపేరులో భాగమే.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 ప్లస్ ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచి బూట్ చేయాలి. బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే కాపలా ఆన్‌లో ఉండి బూట్ కాకపోతే దాన్ని ఆపి, పరీక్ష అయ్యాక మళ్లీ ఆన్ చేయాలి. ఒక్క రౌండు చాలదు, రాత్రంతా నడిపి కనీసం 4 రౌండ్లు తిప్పాలి. 256 జీబీ ఉంటే శని, ఆదివారాలు దీనికే కేటాయించుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, పది లక్షల్లో ఒకటే కదా అన్న మాట ఇక్కడ చెల్లదు. ఈసీసీ ర్యామ్‌తో ఇంకో మెలిక ఉంది. అది తప్పును లోలోపలే సరిదిద్దేసుకుంటుంది కాబట్టి తెర మీద అంతా పచ్చగానే కనిపించవచ్చు. పరీక్ష ముగిశాక సిస్టమ్ ఈవెంట్ లాగ్ మళ్లీ తెరిచి చూస్తేనే నిజం తెలుస్తుంది.

ఎర్రర్ వస్తే ప్రతి స్టిక్‌కూ చిన్న స్టిక్కర్ అంటించి నంబరు వేయండి, ఏది ఏ స్లాట్‌లో ఉందో ఫోనుతో ఫొటో తీసుకోండి. సగం తీసి, బోర్డు ఒప్పుకునే వరసలో మిగతా సగంతో నడపండి. తప్పున్న సగాన్ని మళ్లీ రెండుగా చేయండి. 8 స్టిక్‌లుంటే 3 విడతల్లో దొరుకుతుంది. దొరికిన దాన్ని వెంటనే చెత్తలో వేయకుండా ఇంకో స్లాట్‌లో పెట్టి చూడాలి. తప్పు దాని వెంటే వెళ్తే స్టిక్ పాడైనట్టు, పాత స్లాట్‌లోనే నిలిచిపోతే స్లాటో ప్రాసెసర్ కింది పిన్నో పాడైనట్టు. కొట్టులో పెన్సిల్ రబ్బరుతో బంగారు పూత మీద రుద్దే అలవాటుంది. దానివల్ల ఒకోసారి పనిచేస్తుంది కూడా. కానీ పూత అరుగుతుంది, రబ్బరు పొడి స్లాట్‌లోకి రాలుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాలని గుడ్డ చాలు. వేసవి పొడి గాలిలో స్టాటిక్ ఎక్కువ, చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ లేకపోతే కనీసం ఎర్త్ ఉన్న చాసిస్ ఇనుమును పట్టుకున్నాకే స్టిక్ ముట్టుకోండి.

ప్రాసెసర్ల గురించి కొంచెమే చెబుతాం. రెండు ప్రాసెసర్లూ ఒకే మోడల్, ఒకే స్టెప్పింగ్ (ఆ మోడల్ తయారీ వెర్షన్) అయి ఉండాలి. జియాన్ ఈ5 వీ3 తీసి వీ4 వేసేటప్పుడు పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, తర్వాత చేద్దామంటే బోర్డు లేవదు. ఎస్‌పీ3 సాకెట్ ఉన్న ఏఎండీ ఎపిక్ సర్వర్ బోర్డుల్లో ప్రాసెసర్‌ను పట్టుకునే 3 స్క్రూల మీద 1, 2, 3 అని వరస రాసి ఉంటుంది, ఆ వరసలోనే, టార్క్ స్క్రూడ్రైవర్‌తోనే బిగించాలి. ఒకపక్క ఎక్కువ బిగిస్తే రెండు మూడు ర్యామ్ స్లాట్లు ఉన్నట్టుండి కనిపించకుండా పోతాయి. అప్పుడూ నెపం ర్యామ్ మీదకే వస్తుంది. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) ఒకసారి లేపితే పాత పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది వేయాల్సిందే. ఇక డెస్క్‌టాప్ ఐ7, ఐ9లను సర్వర్లుగా వాడేవాళ్లకు ఒక మాట. ఇంటెల్ 13, 14 తరాల్లో 65 వాట్లు, ఆపైన ఉన్న ప్రాసెసర్లు అదుపు తప్పి క్రాష్ అవుతున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, ఆగస్టులో 129, సెప్టెంబరులో 12బి నంబర్ల మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్ సవరణ) ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. బయోస్ అప్‌డేట్ రాబోయే నష్టాన్ని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను బాగుచెయ్యదు. దాన్ని వారంటీలో మార్పించుకోవాలి.

అసలు రాయదలుచుకున్నది కరెంటు గురించి. కొనేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లో అందరూ చూస్తారు, ర్యామ్, డిస్కులు పెంచేటప్పుడు మళ్లీ కూడిక వేసేవాళ్లు తక్కువ. రిజిస్టర్డ్ స్టిక్ ఒక్కోటి సుమారు 3 నుంచి 5 వాట్లు తింటుంది, 8 కలిపితే 24 నుంచి 40 వాట్లు. 3.5 అంగుళాల డిస్కు నడుస్తున్నప్పుడు 6 నుంచి 9 వాట్లే, కానీ తిరగడం మొదలుపెట్టే క్షణాల్లో 20, 25 వాట్లు లాగుతుంది. 8 డిస్కులు ఒక్కసారి లేస్తే 160 నుంచి 200 వాట్లు, అదే సమయంలో ఫ్యాన్లన్నీ పూర్తి వేగంతో తిరుగుతుంటాయి. ఆన్ చేయగానే ఆగిపోయి రెండోసారికి లేచే సర్వర్‌లో ముందు దీన్ని చూడండి. రెయిడ్ కార్డులో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా వాటిని కలిపి నడిపేది) డిస్కులను ఒకదాని తర్వాత ఒకటి లేపే సెట్టింగ్ ఉంటుంది.

రెండు ఎస్‌ఎంపీఎస్‌లున్న సర్వర్‌లో జరిగేది ఇంకా చిత్రం. 495 వాట్లవి రెండున్నాయి, అప్‌గ్రేడ్ తర్వాత లోడు 560 అయింది. రెండూ చెరిసగం మోస్తున్నంతకాలం ఏమీ తెలియదు. ఒకటి ఆగిన రోజు రెండోది మొత్తం మోయలేక అదీ ఆగిపోతుంది. రెండు పెట్టుకున్నదే ఒకటి పోయినా నడవడానికి కదా. లోడు మీద ఉండగా ఒక తీగ పీకి చూడటమే దీనికి పరీక్ష, ఆఫీసు వేళల్లో కాకుండా. రెండు తీగలూ ఒకే స్పైక్ బస్టర్‌లో గుచ్చి ఉంటే ఆ రెండో ఎస్‌ఎంపీఎస్ అలంకారానికే.

యూపీఎస్ మీద రాసిన వీఏలు (వోల్ట్-యాంపియర్లు) వాట్లు కావు. 1 కేవీఏ చవక రకం 600 వాట్లకే పరిమితం కావచ్చు, ఎప్పుడూ ఇన్వర్టర్ మీదే నడిపే 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో 2400 వాట్లు ఇస్తుంది. లైన్ ఇంటరాక్టివ్ రకం బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఖాళీని ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లు దాటించాలి. లోడు పెరిగేకొద్దీ అవి దాటించగల వ్యవధి తగ్గుతుంది. అందుకే అదే యూపీఎస్, అదే సర్వర్, ర్యామ్ పెంచక ముందు కరెంటు పోతే చలించనిది ఇప్పుడు రీస్టార్ట్ అవుతుంది. బ్యాటరీ సంగతి సరేసరి. సీల్డ్ లెడ్ బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీలకు లెక్కగడతారు, ఆపైన ప్రతి 8, 10 డిగ్రీలకూ అది సగమవుతుంది. మెట్ల కింద గూట్లో పెట్టిన బ్యాటరీకి మూడు వేసవులు దాటితే టెస్ట్ బటన్ నొక్కి కాదు, మెయిన్స్ ఆపి నిజమైన లోడు మీద ఎన్ని నిమిషాలు నిలుస్తుందో గడియారం పెట్టి చూడాలి.

ఎర్తింగ్‌ను మన ఊళ్లో ప్రత్యేకంగా చూడాలి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి, పైన మట్టి పల్చన. వేసవిలో తేమ ఇంకిపోతే ఎర్త్ పిట్ రెసిస్టెన్స్ పెరుగుతుంది. పిట్‌లో నీళ్లు పోయడం వాచ్‌మన్ పని అనుకుని అందరూ మరిచిపోతారు. సర్వర్ ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి చూడండి. రెండు మూడు వోల్టుల లోపు ఉంటే సరే. పది దాటితే ర్యామ్ విప్పడం ఆపి లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అది మనుషులకూ ప్రమాదమే.

గ్రాఫిక్స్ కార్డు వేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్ల కనెక్టర్, కార్డుకు వెళ్లే 8 పిన్ల కనెక్టర్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదానిలో 12 వోల్టుల పిన్నులు 4, రెండోదానిలో 3, వాటి స్థానాలూ తారుమారు. కొన్ని సర్వర్ రైజర్లలో (కార్డు గుచ్చే అదనపు పలకల్లో) కార్డు కోసం ఉన్న సాకెట్ కూడా ప్రాసెసర్ రకం వైరింగ్‌తోనే ఉంటుంది, ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చే కేబులే వాడాలి. కేబుళ్లు విడిగా గుచ్చుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లకూ ఇదే వర్తిస్తుంది. ఒక బ్రాండ్ కేబుల్ ఇంకో బ్రాండ్‌కు పట్టిందంటే సరిపోయిందని కాదు, కార్డు కాలిపోయాక తెలుస్తుంది.

వేడి విషయంలో తప్పులన్నీ మంచి ఉద్దేశంతో చేసేవే. సర్వర్ వేడెక్కుతోందని మూత తీసి పక్కన టేబుల్ ఫ్యాన్ పెడతారు. ర్యాక్ సర్వర్‌లో గాలి ముందు నుంచి వెనక్కి ఒక సొరంగంలా పోతుంది, మూత తీస్తే ఆ సొరంగం తెగి ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ గాలి అందదు. లోపల నల్లటి ప్లాస్టిక్ తొడుగు ఒకటుంటుంది, ర్యామ్ వేసేటప్పుడు అడ్డమని తీసి తిరిగి పెట్టడం మరిచిపోతారు. దాని పని గాలిని ర్యామ్ మీదుగా మళ్లించడమే. ఏసీ రిమోట్ మీద 22 అని చూసి తృప్తి పడకండి. సర్వర్ ముఖం దగ్గర గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి, ఆ లెక్క ఐడ్రాక్‌లోనో ఐలోలోనో ఇన్‌లెట్ టెంపరేచర్ అని కనిపిస్తుంది. ఇంకోటి, రాత్రి కరెంటు పోయి వస్తే మీ ఏసీ తనంతట తాను లేస్తుందా? ఆటో రీస్టార్ట్ లేని స్ప్లిట్ ఏసీ రిమోట్ నొక్కేదాకా ఊరుకుంటుంది, యూపీఎస్ మీదున్న సర్వర్ మాత్రం మూసిన గదిలో తెల్లారేదాకా ఉడుకుతుంది. అప్‌గ్రేడ్‌కు ముందు ఆ వేడిని ఓర్చుకున్న యంత్రం ఇప్పుడు ఓర్చుకోలేకపోవచ్చు. మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి వేసి చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

డిస్కులు మార్చినప్పుడు వచ్చే తగాదాలకు ఇంకో ఉత్తరం కావాలి, రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాం. రెయిడ్‌లో వేయడానికి డెస్క్‌టాప్ డిస్కులు పనికిరావు. చదవలేని చోటు ఎదురైతే అవి చాలాసేపు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి, అంతసేపు ఆగలేని కంట్రోలర్ డిస్కు చచ్చిపోయిందని బయటికి నెట్టేస్తుంది. ఎస్‌ఎస్‌డీలకు ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) చూడకుండా డేటా ఎక్కించకండి. 32,768 గంటలు నడవగానే సాస్ అనే సర్వర్ కనెక్షన్ రకం ఎస్‌ఎస్‌డీలు కొన్ని పూర్తిగా ఆగిపోతాయని 2019 నవంబరులో హెచ్‌పీ సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ స్వయంగా ప్రకటించి ఫర్మ్‌వేర్ ఇచ్చింది. లెక్కకడితే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఒకే రోజు కొన్న నాలుగూ ఒకే రోజు పోతే రెయిడ్ ఏం కాపాడుతుంది?

ఆస్పత్రుల, కాలేజీల, ప్రభుత్వ కార్యాలయాల టెండర్లలో ‘64 జీబీ ర్యామ్ అదనంగా’ అని ఒక్క వరస రాసి వదిలేయడం మానాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. కొత్త స్టిక్ లేబుల్ మీది పూర్తి పాఠం ఆర్డర్‌లో ఉండాలి. పనికి ముందు, తర్వాత బయోస్ వెర్షన్ ఏమిటో రాసివ్వాలి. 24 గంటల మెమ్‌టెస్ట్, లోడు మీద ఒక ఎస్‌ఎంపీఎస్ తీగ పీకిన పరీక్ష, ఆ తర్వాత తీసిన ఈవెంట్ లాగ్ ప్రింటు జతచేస్తేనే బిల్లు పాస్ చేయాలి. బిల్లులో పదో వంతు నెల రోజులు ఆపి ఉంచితే మంచిది, ఎందుకంటే ఈ జబ్బుల్లో చాలావాటికి బయటపడటానికి ఒక నెలాఖరు పని ఒత్తిడి కావాలి. వీటికి పార్టు ఖరీదు పెరగదు, పనిచేసేవారి ఒక రోజు కూలి పెరుగుతుంది. అది ఇవ్వడానికి కొనేవారు సిద్ధపడాలి.

విప్పిన పాత ర్యామ్‌ను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి. ఏ స్లాట్‌లోదో రాసి, యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, అప్‌గ్రేడ్‌కు ముందటి బయోస్ సెట్టింగుల ఫొటోలతో పాటు ఆ నెల గడిచేదాకా సర్వర్ గదిలోనే ఉంచండి. సర్వర్ పడిన రోజు వాటిని తిరిగి వేసి, మిగతా ఏదీ ముట్టుకోకుండా రెండు రోజులు నడపండి. పాత ర్యామ్‌తో కూడా పడుతుంటే సీటీసీకి వెళ్లనవసరం లేదు, యూపీఎస్ దగ్గరికి వెళ్లండి.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణ పనిలో ఉన్న కొందరం,
హైదరాబాద్